మొదట కనిపించిన మనిషి

ఆదివారం పొద్దున తెనాలిలో రేపల్లె బండెక్కితే నాకు కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. మిగతా రోజుల్లో నా ప్రయాణం ఇంకోవైపు, బాపట్లకి. అక్కడ ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. ఆ బండిలో ఎప్పుడూ నిలబడే వెళ్తాను కాబట్టి, ఆదివారం కూర్చుని వెళ్లడమే నాకు పెద్ద భోగం. వేమూరు దాటాక మొక్కజొన్న కోసేసిన చేలు, కంకులు ఆరబోసిన కళ్లాలు, నీళ్లు అడుగంటిన కాలవలు ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లిపోతుంటాయి. బండికి తొందరుండదు. నాకూ ఉండదు. సగం నిద్ర, సగం మెలకువ. ఆ పూట నేను కళ్లతో చూసిందేదో, కళ్లు మూసుకుని అనుకున్నదేదో తర్వాత విడదీసి చెప్పమంటే చెప్పలేను.

రేపల్లెలో మా అక్క ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పింది. ఆ స్కూలు హాస్టల్లోనే వార్డెనుగా ఉండి రిటైరయింది. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు తీసుకుని ఒక్కతే ఉంటుంది. గ్లకోమా వల్ల చూపు కొంచెం కొంచెంగా అంచుల నుంచి చీకటి పడుతూ వచ్చి, చివరికి పూర్తిగా పోయింది. వెలుగుందో లేదో మాత్రం తెలుస్తుంది. ఇంట్లో పనులన్నీ తడుముకునే చేసుకుంటుంది. చదువు ఒక్కటే ఆమెకి దూరమైంది. ఒకప్పుడు పేపరు చివరి పేజీ నుంచి మొదలుపెట్టి మొదటి పేజీ దాకా చదివేది. "ముందు పేజీలో ఉన్నది ఎవరో ఒకరు ఎలాగూ చెప్తారులే" అనేది.

అందుకని ఆదివారాలు నేను చదివి వినిపిస్తాను. చర్చి నుంచి వచ్చాక అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఫోను తెరుస్తాను.

ఆ ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. రేపల్లెలో పోటీ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, జనం నోట ఇద్దరి మాటే.

"ఓటెవరికి వెయ్యాలో నాకెవరూ చెప్పక్కర్లేదు" అంది అక్క. "వాళ్ల గురించి ఏం రాశారో నువ్వు చదువు. నేను ఆలోచించుకుంటాను."

నేను ఊరి పేరూ, అభ్యర్థులూ అని కొట్టాను. మొదటి నాలుగు వార్తలూ ఒకాయన గురించే వచ్చాయి. ఆయన చిన్నతనం, ఆయన చదువు, ఆయన ఏ ఊళ్లో ఏం చేశాడు. రాసిన తీరు బాగుంది, బొమ్మలు బాగున్నాయి. ఐదోది రెండో ఆయన గురించి, ఎవరితోనో ఏదో గొడవ. ఆరోది మళ్లీ మొదటాయనే. అక్కడితో కూర పొయ్యి మీదకెక్కే వేళయింది. నేను ఫోను పక్కన పెట్టాను. అలా వాళ్లకి మా ఇంట్లో మొదటాయన, రెండో ఆయన అని పేర్లు స్థిరపడిపోయాయి. ఎవరు మొదలో ఎవరు రెండో మేం నిర్ణయించింది కాదు. అయినా పలికీ పలికీ అదే సహజంగా అనిపించసాగింది.

ప్రతి ఆదివారం అదే వరస. తెర మీద పైన ఉన్నవి చదివేదాన్ని. అక్క వినేది. మధ్యలో ఒక్కోసారి "ఊఁ" అనేది. కిందికి జరుపుకుంటూ పోవాలని నాకెప్పుడూ తోచలేదు. పైనే కావలసినంత ఉంది కదా.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో తుపాను సంగతి వచ్చింది.

కొన్నేళ్ల కిందట, అక్క ఇంకా ఉద్యోగంలో ఉండగా, పెద్ద తుపాను పట్టింది. సముద్రం పక్క పల్లెల నుంచి జనాన్ని బస్సుల్లో తెచ్చి స్కూల్లో, హాస్టల్లో పెట్టారు. మధ్యాహ్నం రెండింటికే చీకటి పడిందట. ఆవరణ అంతా మోకాలి లోతు నీళ్లు. అప్పటికే చూపు సగం పోయిన అక్క, హాస్టలు నుంచి వంటశాలకి వెళ్లాలని వరండా అంచున నిలబడి, అడుగెక్కడ వెయ్యాలో తెలియక ఆగిపోయింది. ఎవరో మనిషి వచ్చాడు. "అమ్మా, నా చెయ్యి పట్టుకోండి. ఇక్కడ మెట్టుంది" అన్నాడు. నీళ్లలో నడిపించి అవతల దింపి వెళ్లిపోయాడు. పేరడిగే వ్యవధి లేదు. ఆ గాలిలో ముఖమూ తెలియలేదు.

ఈ కథ మాకందరికీ తెలుసు. అక్క చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆ మనిషి "ఎవరో" గానే ఉండేవాడు.

ఆ ఆదివారం నేను చదువుతున్న దాంట్లో, తుపాను రోజుల్లో మొదటాయన స్వయంగా నీళ్లలో దిగి పునరావాస కేంద్రాలకు జనాన్ని చేర్చాడని ఉంది. బొమ్మ కూడా ఉంది. వానలో తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి, ఎవరో ముసలామెకి చెయ్యి అందిస్తున్నాడు. బొమ్మలో ఏముందో నేను అక్కకి చెప్పాను.

ఈనెలు తీస్తున్న చేతులు ఆగాయి.

"అయితే ఆ రోజు నా చెయ్యి పట్టుకున్నది ఈయనేనేమోనే" అంది.

"అయ్యుండొచ్చు అక్కా" అన్నాను.

తర్వాతి ఆదివారం భోజనాల దగ్గర "ఆయనేననుకుంటా" అంది. ఆ తర్వాతి వారం చర్చి మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లతో మాట్లాడుతూ, "ఆయనకేం తక్కువండీ, తుపాన్లో నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాడు" అంది. ఏమో అన్న మాట ఎప్పుడు రాలిపోయిందో పక్కనే ఉన్న నేను కూడా గమనించలేదు. పైగా నాకే ఆ దృశ్యం కళ్లకు కట్టినట్టు కనిపించేది. బాపట్ల బండిలో నిడుబ్రోలు దగ్గర కమ్మీ పట్టుకుని ఊగుతూ నిలబడినప్పుడు, ఎండకి మెరిసే పొలాల మీద ఆ వాన కురిసేది. తెల్ల చొక్కా మనిషి, ఆయన చెయ్యి పట్టుకుని మా అక్క, నీళ్లలో తేలే చెప్పులు, ఎక్కడో తలుపు కొట్టుకుంటున్న చప్పుడు. నేను ఆ రోజు రేపల్లెలో లేనే లేను. తెనాలిలో మా ఇంట్లో కిటికీలకి గోనెలు కుక్కుతున్నాను. అయినా చూసినట్టే ఉండేది.

అక్క మాటకి ఆ వీధిలో విలువుంది. చాలామంది ఆడవాళ్లు ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. శుక్రవారం స్త్రీల కూడికలో ఆ కథ ఒకరి నుంచి ఒకరికి పాకింది. "టీచరమ్మగారిని కాపాడినాయన" అని ఆయనకి కొత్త పేరు వచ్చింది.

ఓట్లకి ఇంకా రెండు వారాలుందనగా మొదటాయన ఆ సందులోకే వచ్చాడు. ఆదివారమే కావడంతో నేనూ ఉన్నాను. ముందు డప్పులు, వెనక జనం, పైనుంచి పూలు. అక్క తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. చర్చి ఆడవాళ్లు ఆయన్ని నేరుగా మా దగ్గరికే తీసుకొచ్చారు.

"సార్, ఈవిడేనండి మా టీచరమ్మగారు. తుపాన్లో మీరు చెయ్యి పట్టుకుని నడిపించారు చూడండి, ఆవిడే" అంది ఒకామె.

ఆయన నవ్వాడు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. వంగి అక్క చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అప్పుడు ఎక్కడెక్కడ తిరిగామో, ఎవర్ని కలిశామో ఇప్పుడు చెప్పడం కష్టమమ్మా. మీరు చల్లగా ఉండాలి. మీ ఆశీర్వాదం మాకుండాలి" అన్నాడు.

ఆయన వదిలాక కూడా అక్క చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. డప్పులు సందు మలుపు తిరిగాయి. నేలంతా బంతిరేకులు. ఆడవాళ్లు మురిసిపోతూ వాళ్ల వెనకే వెళ్లారు.

లోపలికొచ్చి కూర్చున్నాక అక్క తన మణికట్టు తనే తడుముకుంటూ ఉండిపోయింది. ఫ్యాను గాలికి క్యాలెండరు గోడకి కొట్టుకుంటోంది.

"ఈ చెయ్యి కాదే" అంది చివరికి.

"ఏంటక్కా?"

"ఆ రోజు పట్టుకున్న చెయ్యి ఇది కాదు. ఆ మనిషి నడివేలు వంగేది కాదు. కర్రలా నిటారుగా ఉండి నా మణికట్టుకి గుచ్చుకుంది. అరచెయ్యి మొరటుగా ఉంది. ఈయన వేళ్లన్నీ చక్కగా ముడుచుకున్నాయి. పువ్వులా ఉంది చెయ్యి."

"ఆ వేలి సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"మర్చిపోయానే. ఇందాక పట్టుకున్నదాకా మర్చిపోయాను." నెమ్మదిగా అంది. "మొదట్లో గుర్తుండేదనుకుంటా. నువ్వు బొమ్మ సంగతి చెప్పావు చూడు, అప్పట్నుంచి నాకు ఆ తెల్ల చొక్కాయే కనపడుతోంది. ఆ రోజు నాకు చొక్కా రంగేం తెలుసు? అంత చీకట్లో నా కళ్లకి రంగు ఆనుతుందా?"

ఆమె భయపడిందని నాకు అర్థమైంది. కళ్లు పోయినప్పుడు కూడా అంత భయపడలేదు మా అక్క. ఉన్న జ్ఞాపకాలే తనకి మిగిలిన చూపు అనుకుని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు అందులోకి ఎవరో వచ్చి, సామాను జరిపి వెళ్లినట్టయింది.

మర్నాడు బాపట్ల బండిలో ఈ సంగతి నాతో రోజూ వచ్చే ఆవిడకి చెప్పాను. ఆవిడ కంప్యూటర్లు చెప్పే లెక్చరర్. అప్పికట్ల దగ్గర బండి ఆగిపోయి, కొంగలు చేల మీద తెల్లగా వాలుతుంటే, తాపీగా చెప్పింది.

"పైన వచ్చింది ఎక్కువ నిజమని కాదండీ. జనం దేన్ని ఎక్కువ నొక్కితే అది పైకి వస్తుంది, పైకి వచ్చిందాన్ని జనం ఇంకా నొక్కుతారు. పైకి తెప్పించడానికే మనుషుల్ని పెట్టుకుని రాయించేవాళ్లూ ఉంటారు. పైగా మీ ఫోన్లో వచ్చిన వరసే నా ఫోన్లో రావాలని కూడా లేదు."

ఇద్దరం ఫోన్లు పక్కపక్కన పెట్టి ఒకే మాటలు కొట్టాం. నా దాంట్లో అన్నిటికన్నా పైన మొదటాయన తుపాను బొమ్మ. ఆవిడ దాంట్లో మొదట ఇద్దరి ఆస్తుల వార్త, తుపాను ఎక్కడో కింద. ఆవిడ ఫోను ఆవిడకి చూపించింది, నా ఫోను నాకు. రెండిట్లోనూ అబద్ధమేమీ లేదు. అదే నాకు ఎక్కువ వింతగా అనిపించింది. ఆయన తుపాన్లో తిరిగిన మాట నిజమే కావచ్చు. చెయ్యి అందించిన మాటా నిజమే కావచ్చు. ఆ చెయ్యి అందుకున్నది మా అక్క మాత్రం కాదు. దాన్ని తెచ్చి అక్క చేతిలో పెట్టింది మేమే.

లైబ్రరీలో ఆ రోజంతా నా పని సాగలేదు. మా దగ్గర కంటికి ఎదురుగా ఉండే అరలోవే పిల్లలు తీసుకెళ్తారు. వంగి చూడాల్సిన అరలో మంచి పుస్తకాలే ఉన్నా దుమ్ము కొట్టుకుపోతాయి. ఇన్నేళ్లుగా ఇది చూస్తూనే ఉన్నాను. తలుపులు వేసిన గదిలో, ఫ్యాన్ల చప్పుడులో, కింది అర ముందు గచ్చు మీద కూర్చుని మధ్యాహ్నం టిఫిన్ తిన్నాను. ఎందుకలా చేశానో తెలియదు.

ఆ వారం సెలవు పెట్టి మధ్యలోనే రేపల్లె వెళ్లాను. అక్క నన్ను చూసి, కాదు, నా అడుగుల చప్పుడు విని, "ఫోను తెచ్చావా? ఈసారి చివర్నుంచి చదువు" అంది.

చివరంటూ దానికి ఉండదు. పేజీ తర్వాత పేజీ వస్తూనే ఉంటుంది. అయినా వెళ్లగలిగినంత కిందికి వెళ్లాం. అక్కడ మేం ఎన్నడూ వినని పేర్లున్నాయి. కాలవ చివరి భూములకు నీళ్లందడం లేదని ఊరూరా తిరుగుతున్న ఒక పోటీదారు గురించి నాలుగు వాక్యాలున్నాయి. రెండో ఆయన గొడవ సంగతి అసలేమిటో, అది ఎలా సర్దుకుందో అక్కడుంది. మొదటాయన కట్టిస్తానని కట్టించని వంతెన సంగతి ఉంది. కట్టించిన రెండు మంచినీళ్ల ట్యాంకుల సంగతీ ఉంది. అక్క అన్నీ ఒకే తీరుగా విన్నది. కొన్నిచోట్ల "ఎవరు రాశారది? ఎప్పుడు రాశారు?" అని అడిగింది. తెలిసినచోట చెప్పాను, తెలియనిచోట తెలియదన్నాను. వెలుగు గోడ మీంచి దిగి, గుమ్మం దాటి, వీధిలోకి వెళ్లిపోయింది. మేమింకా చదువుతూనే ఉన్నాం. నా గొంతు నాకే ఎక్కడో దూరం నుంచి వినిపిస్తోంది. ఎవరో తెలియని ఊరి సంగతులు ఎవరికో చెప్తున్నట్టు.

శుక్రవారం కూడికకి అక్క నన్ను తోడు రమ్మంది. పాట, ప్రార్థన అయ్యాక లేచి నిలబడింది.

"నేను మీకొక మాట పొరపాటుగా చెప్పాను. తుపాను రోజు నన్ను నడిపించింది ఈయన కాదు. ఎవరో నాకు తెలియదు. నా మాట మీద ఓటు అనుకున్నవాళ్లుంటే దయచేసి మళ్లీ ఆలోచించుకోండి."

తర్వాత వెనక చాప మీది నుంచి ఒకామె లేచింది. ఆ తుపాను రోజు పిల్లల్తో సహా హాస్టల్లో తలదాచుకున్న మనిషి.

"అలా అంటారేంటి టీచరమ్మగారూ? నేను చూశానండి. తెల్ల చొక్కా వేసుకున్నారండి. మిమ్మల్ని మెట్టు మీదకి ఎక్కించారండి."

"నువ్వు నిజంగా చూశావా తల్లీ?"

"చూశానండి. ఇప్పటికీ నా కళ్లలో ఉందండి."

ఆమె అబద్ధమాడే మనిషి కాదు. ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. అక్క తడుముకుంటూ వెళ్లి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు ఒకరి భుజానికొకరు ఆనుకుని ఉన్నారు.

పోలింగు రోజు పొద్దున్నే తెనాలిలో నా ఓటు వేసి బస్సులో రేపల్లె వెళ్లాను. చూపు లేనివాళ్లకి తోడు మనిషి మీట నొక్కిపెట్టొచ్చు. నేను లోపలికి వస్తానన్నాను.

"వద్దు. నువ్వు గుమ్మం దగ్గరుండు" అంది.

లోపల ఆఫీసరు కుర్రతనం వదలని మనిషి. "అమ్మా, పేర్లు నేను చదువుతాను, మీరు మీటలు తడిమి లెక్కపెట్టుకోండి" అన్నాడు.

"పైనుంచి కింది దాకా అన్నీ చదువు బాబూ. ఒక్కటీ వదలొద్దు."

అతను చదివాడు. నాకు బయటికి వినిపించింది. చదివాక అక్క, "ఇంకొక్కసారి చదువు నాన్నా" అంది. వెనక వరసలో వాళ్లు కాస్త గొణిగారు. అతను విసుక్కోకుండా మళ్లీ చదివాడు. తర్వాత అక్క అట్ట చాటుకి వెళ్లింది. కాసేపటికి ఆ యంత్రం కూత వినిపించింది.

బయట వేపచెట్టు కింద ముంజలమ్ముతున్నారు. ఇద్దరం అక్కడే నిలబడి తిన్నాం. నీళ్లు మోచేతుల దాకా కారాయి.

"ఆ అబ్బాయి అన్ని పేర్లూ ఒకే గొంతుతో చదివాడే" అంది అక్క. "ఎక్కడా తగ్గించలేదు, ఎక్కడా పెంచలేదు. ఎంత హాయిగా ఉందో."

ఓటెవరికి వేసిందో చెప్పలేదు. నేను అడగలేదు.

మొదటాయనే గెలిచాడు. ఆ సాయంత్రం సందంతా టపాసుల పొగ. అక్కకి ఆయన మీద కోపం లేదు. "ఆయన నేనేనని అనలేదుగా. మర్యాదగానే మాట్లాడాడు" అంటుంది.

నేనొకసారి అన్నాను, ఆ వంగని వేలున్న మనిషి కోసం ఫోన్లో ఒక మాట రాసి పెడదామా, తెలిసినవాళ్లెవరైనా చెప్తారేమో అని. అప్పుడు తొలకరి వచ్చింది. రేపల్లె దారంతా చేలల్లో నీళ్లు నిలిచి, ఆకాశం కిందికి దిగి పడుకున్నట్టుంది. అక్క కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి చినుకులు పట్టుకుంటోంది.

"వద్దే" అంది. "నువ్వు రాస్తావు. నేనేనంటూ పదిమంది వస్తారు. ఎవరు ముందొస్తే ఆయన ముఖమే నాకు అంటుకుంటుంది. ఎవరో ఒకాయన. అలాగే ఉండనీ."

తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, టీ పెట్టమంది. నేను పాలు పొయ్యి మీద పెట్టి, వాన వెలిసేదాకా బండికి వెళ్లలేనని మావారికి ఫోను చేసి చెప్పాను.